తప్పు రాసింది ఆఫీసు, శిక్ష పేటకా?

మా వీధిలో ఒక అక్క ఉంది. రెల్లి అక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ఒక ఊళ్లో, ఒక గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. పొద్దున్న అందరికంటే ముందెళ్లి తలుపులు తీస్తుంది. బల్లలు తుడుస్తుంది, నీళ్లు పట్టి పెడుతుంది. సాయంత్రం అందరూ వెళ్లాక తాళాలేస్తుంది. ఆ ఆఫీసులో ఒక ఇనప బీరువా ఉంది. ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లన్నీ అందులోనే. ఇరవై ఏళ్లుగా ఆ బీరువా మీద దుమ్ము దులిపింది ఆవిడే. ఆ రిజిస్టర్ల కట్టలు ఒక గదిలోంచి ఇంకో గదికి నెత్తిన పెట్టుకుని మోసింది ఆవిడే. అందులో తన పుస్తకం కూడా ఒకటుందని తెలుసు. దాన్లో ఏం రాసుందో తెలీదు. ఎవరూ చూపించలేదు.

ఆవిడ భర్త అదే శాఖలో స్వీపరు. సర్వీసులో ఉండగానే 2002లో పోయాడు. కారుణ్య నియామకం కోసం ఆవిడ రెండేళ్లు తిరిగింది. కులం సర్టిఫికెట్టు తెమ్మన్నారు, తెచ్చింది. అది పాతదన్నారు, కొత్తది తెచ్చింది. ఎమ్మార్వో రిపోర్టు రాలేదన్నారు, ఎమ్మార్వో ఆఫీసు అరుగు మీద కూచుంది. చివరికి 2004 ఆగస్టులో ఆర్డరు చేతికొచ్చింది. ఆగస్టు 19 పొద్దున్న ఉద్యోగంలో చేరింది. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతుంది.

డిగ్రీ చదివిన ఆవిడ కొడుకు ఈ మధ్య సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ఆ సర్వీసు రిజిస్టరు నకలు తీయించాడు. మొదటి పేజీలోనే ఉంది: చేరిన తేదీ 19-8-2004, పూర్వాహ్నం. పక్కన అధికారి సంతకం, గుండ్రటి ముద్ర. కొన్ని పేజీల తర్వాత ఇంకో ఎంట్రీ: సీపీఎస్‌లో చేర్చడమైనది. రెండు ఎంట్రీలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. రెండూ ఆఫీసు చేత్తో రాసినవే. మొదటిది నిజమైతే రెండోది తప్పు.

ఎందుకు తప్పో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం 1-9-2004న గానీ ఆ తర్వాత గానీ చేరినవాళ్లకి. దానికి మూలం ఆర్థికశాఖ జీవో 653. ఆ జీవో మీద ఉన్న తేదీ 22-9-2004. సెప్టెంబరు 22న పుట్టిన కాయితం సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ల మెడకి చుట్టుకుంది. ఆ మూడు వారాల్లో చేరినవాళ్లు చేరిన రోజున అసలు ఆ జీవోయే లేదు! సర్కారుకి తేదీ వెనక్కి జరపడం అంత తేలిక. అయితే అంత వెనక్కి జరిపినా మా అక్క అందులో పడదు. పదమూడు రోజుల ముందే చేరింది. ఆవిడకి వర్తించేది 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సు. దీనికి ఎవరి దయా అక్కర్లేదు. కొత్త జీవో అక్కర్లేదు. కేబినెట్ తీర్మానం అక్కర్లేదు. ఉన్న రూలు చదివితే చాలు.

మరి తప్పు ఎలా జరిగింది? సీపీఎస్ వాళ్లకి ప్రాన్ నంబర్లు తీసే కాలంలో ఫారాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. 2004లో చేరినవాళ్లందరినీ ఒకే లిస్టులో రాశారు. నెల చూడలేదు, రోజు చూడలేదు. అక్కని పిలిచి పెన్సిల్ టిక్కు పెట్టిన చోట సంతకం చెయ్యమన్నారు. ఆ సంగతి అడిగితే అక్క అన్న మాట ఇది: ‘నాను సదూకోనేదు తమ్ముడూ. ఆయన సూపించిన కాడ సంతకవెట్టినాను. పెట్టకపోతే జీతం ఆగిపోద్దన్నాడు.’

ఆ రోజు నుంచీ నెలనెలా మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో పది శాతం కోత. జీపీఎఫ్ ఖాతా లేదు. కూతురి పెళ్లికి అడ్వాన్సు అడిగితే ‘నీకు జీపీఎఫ్ ఎక్కడిది, నువ్వు సీపీఎస్ కదా’ అన్నారు. తన డబ్బు తనకి అందక నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చింది. ఆ అప్పు మొన్నటిదాకా తీర్చింది. ఆఫీసులో ఎవరో ఒక గడిలో తప్పు టిక్కు పెడితే పేటలో ఒక ఆడమనిషి ఏళ్ల తరబడి వడ్డీ కట్టింది. దీన్ని క్లరికల్ మిస్టేక్ అంటారట!

రేపటి సంగతి ఇంకా ఘోరం. పాత పెన్షన్‌లో సర్వీసు నిండినవాళ్లకి చివరి మూలవేతనంలో సగం, తక్కువున్నవాళ్లకి ఆ దామాషాలో పెన్షన్. ధరలు పెరిగితే కరువు భత్యమూ పెరుగుతుంది. మనిషి పోతే ఇంట్లోవాళ్లకి ఫ్యామిలీ పెన్షన్. సీపీఎస్‌లో అలా కాదు. కూడిన సొమ్ములో కనీసం 40 శాతం పెట్టి యాన్యుటీ కొనాలి. లెక్క కోసం పదిహేను లక్షలు కూడిందనుకుందాం. ఆరు లక్షలు యాన్యుటీకి పోతుంది. నూటికి ఏడాదికి ఆరు రూపాయలు ఇచ్చినా నెలకి మూడు వేలు. సాధారణంగా అది పెరగదు. బియ్యం ధర పెరిగినా, బీపీ మాత్రల ధర పెరిగినా అదే మూడు వేలు. మిగతా తొమ్మిది లక్షలు చేతికొస్తాయి నిజమే. మన ఇళ్లల్లో ఆ సొమ్ము అప్పులవాళ్ల కళ్లముందు ఎన్నాళ్లు నిలుస్తుందో మనకి తెలీదా?

‘సంతకం నీదే కదా?’

నకలు పట్టుకుని అక్క, కొడుకు ఆఫీసుకి వెళ్లారు. సమాధానం ఏటంటే, ‘ఏటమ్మా, సంతకం నీది కాదా? ఇన్నేళ్లు కోస్తుంటే నోరెత్తలేదు. రిటైరయ్యే ముందు గుర్తొచ్చిందా?’

ఈ మాటకి జవాబు చెప్పాలి. ఎందుకంటే ఇది ఒక్క ఆఫీసులో ఒక్క మనిషి అన్నమాట కాదు. మనం ఏ కాయితం పట్టుకెళ్లినా ఎదురొచ్చే మాట ఇదే.

ఒకటి. పెన్షన్ ఏది అనేది సంతకం తేల్చదు, చేరిన తేదీ తేలుస్తుంది. 2004 అక్టోబరులో చేరిన ఉద్యోగి ‘నాకు పాత పెన్షన్ కావాలి’ అని వంద సంతకాలు పెట్టినా ఇస్తారా? ఇవ్వరు. రూలు ఒప్పుకోదంటారు. అదే రూలు ఆగస్టులో చేరిన మనిషి సంతకాన్నీ ఒప్పుకోకూడదు. మనకి నష్టం చేసేటప్పుడు సంతకం గొప్పది, మనకి లాభం వచ్చేటప్పుడు రూలు గొప్పది – ఇదెక్కడి న్యాయం?

రెండు. ‘నోరెత్తలేదు’ అంటున్నారు. సర్వీసు రిజిస్టరు ఏడాదికోసారి ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్నది మీ రూలే. చూపించారా? బీరువా తాళం మీ దగ్గర, దుమ్ము గుడ్డ ఆవిడ దగ్గర. చూపించనివాడు అడగలేదని తప్పుపడితే ఎలా?

మూడు. ‘ఇప్పుడు మారిస్తే సర్కారు వాటా నీ జేబులోంచి కట్టాలి’ అని బెదిరించారు. కేంద్రం తన ఉద్యోగులకి పాత పెన్షన్‌కి మారే అవకాశం ఇచ్చినప్పుడు ఈ లెక్క ఎలా తేల్చాలో రాసి ఇచ్చింది. ఉద్యోగి కట్టిన సొమ్ము జీపీఎఫ్ ఖాతాకి మళ్లుతుంది, ఆ ఖాతాకి వడ్డీ తిరగేసి లెక్కకడతారు. సర్కారు వాటా సర్కారుకి పోతుంది. పెట్టుబడి మీద పెరిగినదీ సర్కారుకే పోతుంది. వెళ్లేది ప్రాన్ ఖాతాలో ఉన్న డబ్బులోంచి, మన మట్టికుండలోంచి కాదు. అంత స్పష్టంగా దారి ఉంటే బెదిరింపు దేనికి?

నాలుగు. పెన్షన్ అంటే యజమాని దయతో విసిరే మెతుకు కాదని సుప్రీంకోర్టు 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. అది ఉద్యోగి ఆస్తి అంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మళ్లీ అదే గట్టిగా చెప్పింది. ఆ తేదీనే దేశమంతా పెన్షనర్ల దినం చేసుకుంటారు. ఆస్తిని తప్పుడు పేరు మీద రాసేస్తే దిద్దమని అడగడం బిచ్చమా?

తేదీ ఎవరి చేతిలో ఉంది?

అక్క కేసు తేలికైనది. తేదీ ఆవిడ వైపే ఉంది. దీనికంటే కష్టమైనవి ఇంకో రెండు రకాలున్నాయి. వాటి గురించీ మాట్లాడాలి.

మొదటి రకం: నోటిఫికేషన్ గడువు తేదీకి ముందు, చేరిక తర్వాత. 2003 డీఎస్సీ టీచర్లు దీనికి ఉదాహరణ. ఉద్యోగాల ప్రకటన వచ్చింది 2003లో. పోస్టింగులు ఇచ్చేసరికి 2004 సెప్టెంబరు దాటిపోయింది. ఆలస్యం చేసింది సర్కారు. శిక్ష అభ్యర్థికి. ఇదే చిక్కు కేంద్ర ఉద్యోగులకీ వచ్చింది. అక్కడ కొత్త పెన్షన్ ప్రకటన 22-12-2003న వచ్చింది, అమలు 1-1-2004 నుంచి. 2004కి ముందే ఫలితాలు వచ్చి తర్వాత చేరినవాళ్లకి 2020 ఫిబ్రవరిలో పాత పెన్షన్‌కి అవకాశం ఇచ్చారు. 22-12-2003కి ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవాళ్లకి 3-3-2023 మెమోతో మరో అవకాశం ఇచ్చారు. ఢిల్లీలో న్యాయమైనది ఇచ్ఛాపురంలో అన్యాయం ఎలా అవుతుంది? మన టీచర్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది ఈ ఒక్క ప్రశ్నే.

ఇందులో మన పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఒకే నోటిఫికేషన్‌లో పాసైన ఇద్దరిలో ఒకడికి ముందు ఆర్డరొస్తుంది, ఇంకొకడికి తర్వాత. ఎవడికి తర్వాత? కులం సర్టిఫికెట్టు విచారణ ఎవడికి ఉందో వాడికి. బ్యాక్‌లాగ్ పోస్టు ఎవడిదో వాడికి. బ్యాక్‌లాగ్ అంటేనే ముందే నింపాల్సినది నింపకుండా ఉంచిన పోస్టు. ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి, చివరికి నింపి, ‘నువ్వు ఆలస్యంగా వచ్చావు, నీకు పాత పెన్షన్ లేదు’ అంటే దాన్నేమనాలి? ఆలస్యం మీది, గడువు మీది, నష్టం మాది. రిజర్వేషన్ ఒక చేత్తో ఇచ్చి, పెన్షన్ ఇంకో చేత్తో గుంజుకోవడమే ఇది.

రెండో రకం: కంటింజెంట్ స్వీపర్లు, ఎన్ఎంఆర్‌లు, వర్క్‌చార్జ్‌డ్ కూలీలు. పార్వతీపురం నుంచి పలాసదాకా ఏ మునిసిపాలిటీకైనా, ఏ హాస్టల్‌కైనా వెళ్లి చూడండి. చీపురు పట్టినవాళ్లలో ఎక్కువమంది రెల్లి, మాల, మాదిగ, పైడి ఇళ్లవాళ్లే కనిపిస్తారు. 1994లో 212 జీవో వచ్చింది. 25-11-1993 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లని పర్మినెంటు చెయ్యొచ్చంది. ఎంతమంది ఫైళ్లు ఆ తర్వాత ఏళ్లకేళ్లు నలిగాయో ఆ ఇళ్లల్లో అడగండి. ఫైలు 2004 సెప్టెంబరు దాటి కదిలితే ఆ మనిషి కొత్తగా చేరినట్టు లెక్క. అంతకుముందు ఊడ్చిన వీధులు, ఎత్తిన అశుద్ధం, మోసిన శవాలు సర్వీసు కాదు! వర్క్‌చార్జ్‌డ్‌గా చేసిన కాలాన్ని పెన్షన్ సర్వీసులో కలపాలని 2019లో ప్రేమ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ సర్కారుకి చెప్పింది. ఆ తీర్పులోని న్యాయం మన వీధి మలుపుదాకా రావాలంటే ఇంకెన్నేళ్లు?

ఈ మూడు రకాల్లోనూ ఒకటే విషయం కనిపిస్తుంది. తేదీ రాసే కలం మన చేతిలో లేదు. ఒకప్పుడు ఊళ్లో కరణం అడంగల్‌లో పేరు మార్చేవాడు, మన సాగు భూమి ఇంకొకడి పేరు మీదికి పోయేది. 1984లో కరణాల పోస్టులు రద్దయ్యాయి. కరణం పోయాడు గానీ కలం చేతులు మారలేదు. ఇప్పుడు అడంగల్ బదులు సర్వీసు రిజిస్టరు. భూమి బదులు ముసలితనం.

మనవాళ్లకీ ఒక మాట

యూనియన్ నాయకుల్ని అడిగితే, ‘సీపీఎస్ మొత్తం రద్దు కోసం పోరాడుతున్నాం, ఒక్కొక్కరి కేసు పట్టుకుంటే ఉద్యమం చీలుతుంది’ అన్నారు. రద్దు కావాలి, మేమూ అడుగుతున్నాం. రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ వెనక్కి వెళ్లి చూపించాయి. 2019 ఎన్నికల ముందు వారం రోజుల్లో సీపీఎస్ రద్దన్న జగన్‌మోహన్‌రెడ్డి 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టం తెచ్చి ఊరుకున్నారు. కేంద్రం 1-4-2025 నుంచి యూపీఎస్ అని ఇంకోటి తెచ్చింది. పేర్లు మారుతున్నాయి. ఈ పెద్ద పోరాటం ఎప్పటికి గెలుస్తుందో గానీ, మా అక్కకి ఉన్నది ఎనిమిది నెలలు. ఉన్న రూలు ప్రకారమే ఇవ్వాల్సినదాన్ని కొత్త రూలు వచ్చేదాకా ఆపమనడం ఏ ఉద్యమ నీతి? లెక్చరరుకి అన్యాయం జరిగితే జేఏసీ, అటెండరుకి జరిగితే వ్యక్తిగత సమస్యా?

మన ఆఫీసర్లకీ ఒక మాట. రిజర్వేషన్‌లో పైకొచ్చిన అన్నలు, అయ్యలు ఏప్రిల్ 14న విగ్రహానికి దండేస్తారు, మాట్లాడతారు. మంచిదే. మిగతా రోజుల్లో మీ ఆఫీసులో అటెండరు, స్వీపరు సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ ఒక్కసారి తెరిచి చూశారా? అంబేద్కర్ రాసిన కాయితం వల్లే మీ చేతికి ఆ బీరువా తాళం వచ్చింది. తీయండి.

దిద్దే దారి ఉంది

‘సిస్టమ్‌లో పడిపోయింది, ఇక మారదు’ అంటే నమ్మకండి. మనిషి ఎక్కించినది మనిషి తియ్యగలడు. ముందు కాయితాలు కూడగట్టండి: నియామకం ఆర్డరు, జాయినింగ్ రిపోర్టు, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ, మొదటి జీతం బిల్లు వివరం. దొరక్కపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. మన రాష్ట్రంలో రుసుము మండలం స్థాయిలో అయిదు రూపాయలు, పైన పది, గ్రామంలో ఏమీ లేదు. తర్వాత జీతం డ్రా చేసే అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ‘నేను ఫలానా తేదీన చేరాను, నాకు 1980 రూల్సు వర్తిస్తాయి, సీపీఎస్ కోత ఆపి, నా వాటా జీపీఎఫ్‌కి మార్చి, ప్రాన్ మూసేయండి’ అని సూటిగా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ‘చూస్తాంలే అమ్మా’ అనే నోటిమాటకి కోర్టులో విలువ లేదు, ముద్రకి ఉంది. ట్రెజరీకి పంపితే ఏ నంబరుతో పంపారో అడగండి. కాదంటే కాదని రాసిమ్మనండి. రాసిచ్చిన తిరస్కారం ఉంటేనే అమరావతిలో హైకోర్టు తలుపు తట్టడం తేలికవుతుంది.

మిత్రులారా, అంత దూరం పోవాల్సిన పని అటెండరుకి ఎందుకు రావాలి? రాత్రి రైలెక్కి, లాయరుకి ఫీజిచ్చి, సెలవు పెట్టి, ఆఫీసు చేసిన తప్పుని ఆఫీసు చేత ఒప్పించుకోవాలా? అందుకే అడుగుతున్నాం:

1. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో 2004లో చేరిన ప్రతి ఉద్యోగి సర్వీసు రిజిస్టరు ఆఫీసులే తెరిచి చూడాలి. 1-9-2004కి ముందు చేరి సీపీఎస్‌లో పడ్డవాళ్ల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టాలి. అర్జీ కోసం ఆగకూడదు.

2. దిద్దుబాటు ఖర్చు, జీపీఎఫ్ వడ్డీ తేడా ఉద్యోగి మీద వెయ్యకూడదు.

3. లెక్క తేలేలోపు రిటైరైతే తాత్కాలిక పెన్షన్ వెంటనే ఇవ్వాలి. ఖాళీ చేతుల్తో ఇంటికి పంపకూడదు.

4. గడువుకి ముందు ప్రకటించిన పోస్టులకి, అందులో బ్యాక్‌లాగ్ పోస్టులకి, కేంద్రం 2023లో ఒప్పుకున్న సూత్రమే వర్తించాలి. పర్మినెంటు కాకముందు చేసిన చాకిరీని సర్వీసులో కలపాలి.

5. ప్రతి ఏటా నాలుగో తరగతి ఉద్యోగులకి సర్వీసు రిజిస్టరు చూపించి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి.

పేటల్లో చదువుకున్న పిల్లలకి ఒక పని. ఈ ఆదివారం మీ వీధిలో గవర్నమెంటు జీతం తీసుకునే ప్రతి ఇంటికీ వెళ్లండి. అమ్మదో, పిన్నిదో, మావదో జీతం చీటీ తీసి చూడండి. చేరిన తేదీ అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి కాయితం మీద రాయండి. తేడా ఉంటే సోమవారం అర్జీ పడాలి.

మా అక్క అర్జీ పెట్టింది. ముద్ర వేయించుకుంది. ‘ఫైలు సర్క్యులేషన్‌లో ఉంది’ అంటున్నారు. ఆ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి మోసుకెళ్తున్నదీ ఆవిడే. తేడా ఒక్కటే. ఈసారి దాన్లో ఏం రాసుందో ఆవిడకి తెలుసు.